గాలి గదిలో కునుకు

హెల్మెట్ కొనేవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుని, అద్దంలో ఓసారి అటూ ఇటూ తిరిగి చూసుకుని, రంగు బాగుందనో బాగాలేదనో తేల్చేసి పట్టుకుపోతారు. అసలు సంగతి తర్వాత బయటపడుతుంది. కాసేపు బండి నడిపాక నుదుటి మీద ఎక్కడో సన్నగా నొప్పి మొదలవుతుంది. చెవి మడతపడి మంట పుడుతుంది. గడ్డం కింద పట్టీ గీసుకుంటుంది. ఇక ఆ హెల్మెట్ బండికి వేలాడుతుందే తప్ప తలకెక్కదు. అందుకని ఆ ఫ్యాక్టరీలో కేవలం హెల్మెట్లు పెట్టుకుని కూర్చోవడానికే ఒక మనిషిని పెట్టుకున్నారు. జీతమిచ్చి మరీ.

ఆయన్ని అందరూ తలకాయ మాస్టారు అనేవాళ్ళు. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, మధ్య సైజు తలలన్నిటికీ సరిగ్గా సరిపోయే తలకాయ ఆయనది. కొత్త మోడల్ ఏదొచ్చినా ముందు ఆయన నెత్తికెక్కాల్సిందే. భార్య అదే ఫ్యాక్టరీ పైఅంతస్తులో కుట్టుమిషను మీద పనిచేసేది. హెల్మెట్ లోపల బుగ్గలకీ నుదుటికీ ఆనే మెత్తల్ని అక్కడ దిండ్లంటారు. అవి కుట్టేది కాబట్టి ఆమె దిండ్లక్క. ఆయనకి తలకాయ, ఆమెకి దిండు, ఇంకేం కావాలి ఆ కాపురానికి అని ప్యాకింగులో ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. దిండ్లక్క మూతి తిప్పుకునేదే గానీ లోలోపల మురిసిపోయేది.

మాస్టారు మాటకారి కాడు. కానీ హెల్మెట్ గురించి అడిగితే మాత్రం వదిలేవాడు కాదు. కుడి కణత దగ్గర నొక్కుతోందనేవాడు, మెడ మీద బరువంతా వెనక్కి లాగుతోందనేవాడు, అద్దం దించేటప్పుడు చప్పుడు మరీ కటువుగా ఉందనేవాడు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి కష్టమని చెప్పి తనకి అవసరం లేకపోయినా ఒక పాత జోడు పెట్టుకుని మరీ చూసేవాడు. తీశాక నుదుటి మీద ఎర్రటి గీత పడితే, అది చూపించి, ఇదిగో ఇక్కడ, అనేవాడు. ఇంట్లో గొడవపడి వచ్చిన రోజు దిండ్లక్క దారం బిగించి లాగేది. ఆ మెత్త ఆయన ఎడమ చెవికి గుచ్చుకునేది. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు చెవి తడుముకుంటూ, "ఇవాళ నీ కుట్టుకి కోపమొచ్చింది" అనేవాడు. అంతటితో రాజీ అయిపోయేది.

ఆయన కూర్చునే చోటు గాలి గది. కింది అంతస్తులో వరండా చివర ఉంటుంది. ఎదురుగా మనిషెత్తు ఫ్యాను. దాని ముందు చక్రాల్లేని బండి ఒకటి నేలకి బిగించి ఉంటుంది. వీపు ఆనుకోవడానికి చెక్క, తల వాలితే ఆగడానికి ఇనుప వంపు. తలుపుకి చిన్న గాజు కిటికీ. ఫ్యాను వేస్తే రోడ్డు మీద వేగంగా పోతున్నట్టే గాలి కొడుతుంది. మాస్టారు ఆ గాలిలో హెల్మెట్ పెట్టుకుని గంటల తరబడి కూర్చునేవాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీశాడంటే ఇక ఆ హెల్మెట్‌కి తిరుగులేదు. అంత గాలిలో, అంత చప్పుడులో నిద్ర పట్టిందంటే ఎక్కడా నొక్కట్లేదన్నమాట. కుట్టినవాళ్ళకి విప్పి మళ్ళీ కుట్టే పని తప్పుతుంది, ప్యాకింగుకి సరుకు వస్తుంది. మాస్టారు నిద్రపోయాడనే కబురు వస్తే చాలు, ఫ్యాక్టరీ అంతా గొంతు తగ్గించి మాట్లాడుకునేది. వరండాలో నడిచేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాళ్ళు.

ఆ రోజు కూడా అలాగే జరిగింది.

పొద్దున ఇంట్లో తడి తువ్వాలు మంచం మీద పడేశాడని మొదలైంది. మాటా మాటా పెరిగింది. దిండ్లక్కకి నోటి దురుసు కాస్త ఎక్కువ. "నీ తలకాయలో ఏమీ లేదు, అందుకే అన్ని హెల్మెట్లూ సరిపోతాయి" అనేసింది. ఎప్పుడూ నవ్వేసేవాడు ఆ రోజు నవ్వలేదు. తినకుండానే వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఆమె మనసు ఊరుకోలేదు. పోనీలే, నేనే పలకరిద్దాం అనుకుని కిందికి దిగింది. గాజులోంచి చూసింది. మాస్టారు తల వెనక్కి వాల్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నల్ల అద్దం దించుకుని హాయిగా నిద్రపోతున్నాడు. హమ్మయ్య, పాసయింది అనుకుంది. అలకలో ఉన్న మనిషిని నిద్రలోంచి లేపడమెందుకు, సాయంత్రం మాట్లాడొచ్చు అనుకుంది. వెళ్తూ వెళ్తూ ప్యాకింగు వాళ్ళని నెమ్మదిగా మాట్లాడుకోమని కూడా చెప్పింది.

సాయంత్రం ఇంజనీరు ఫ్యాను ఆపి, అద్దం పైకెత్తి చూస్తే ఆయనలో ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఎప్పుడు ఆగిందని దిండ్లక్క డాక్టర్ని పట్టుకుని అడిగింది. మధ్యాహ్నం ఏదో ఒక వేళ, అంతకంటే చెప్పలేం అన్నాడాయన. తను గాజులోంచి చూసినప్పటికే పోయాడా, లేక అప్పటికింకా ప్రాణం ఉందా? లేపి ఉంటే బతికేవాడా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అడగ్గా అడగ్గా జనం తప్పించుకు తిరగడం మొదలుపెట్టారు. ఆమె అడగడం మానేసింది గానీ, లోపల ఆ ప్రశ్న మాత్రం ఆగలేదు.

అన్నిటికంటే ఘోరం ఏంటంటే, ఆ హెల్మెట్ పాసైపోయింది. మాస్టారు కునుకు తీసిన చివరి మోడల్ అది. బజారులో బాగా అమ్ముడుపోయింది. బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూస్తే ఎక్కడ చూసినా అదే. నల్ల అద్దం దించుకుని, సిగ్నల్ దగ్గర కదలకుండా ఆగి ఉండేవాళ్ళు. దిండ్లక్క కిటికీ పక్కన కూర్చోవడం మానేసింది.

ఏడాది గడిచాక కొత్త మోడల్ తయారైంది. దాన్ని పెట్టుకుని చూడ్డానికి మాస్టారి తమ్ముణ్ణే తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే తల. మరిదికి ఈ మధ్యే పెళ్ళయింది, పెళ్ళాం కడుపుతో ఉంది, ఉన్న పని పోయింది. వద్దు నాయనా అని దిండ్లక్క ఎంతో చెప్పి చూసింది. కూర్చోబెట్టి జీతమిస్తుంటే వద్దనేవాడు ఉంటాడా వదినా అని అతను నవ్వేశాడు. మొదటి రోజే అతనికి కునుకు పట్టిందని కబురొచ్చింది. మేనేజరు సంతోషం పట్టలేక అందరికీ టీలు ఇప్పించాడు. దిండ్లక్క మాత్రం మిషను ఆపేసి మెట్లు దిగి పరిగెత్తింది. ఆమె వచ్చేసరికే ఇంజనీరు ఫ్యాను ఆపేసి ఉన్నాడు. మరిది బండి దిగి గోడ పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

అందరూ వెళ్ళాక ఆమెని పక్కకి పిలిచి, ఎవరూ లేరని చూసుకుని, మెల్లిగా చెప్పాడు.

"నేను నిద్రపోలేదు వదినా. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మీరంతా గాజులోంచి తొంగిచూడ్డం కనబడుతూనే ఉంది. పిలుస్తున్నాను... గొంతు రావట్లేదు. వేలు కూడా కదల్లేదు."

మరిదికి ఏమైందోనన్న భయం కంటే ముందు దిండ్లక్కకి ఇంకో ఆలోచన వచ్చింది. అలా వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయితే ఆయన కూడా అలాగే చూస్తూ ఉన్నాడా? నేను చూసి వెళ్ళిపోతుంటే?

కొత్తవాడి కునుకు ఒక్కటి చాలదన్నారు, మర్నాడు మళ్ళీ అతను కూర్చోవాలి. ఆమె పట్టుబట్టింది. భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు, ముందు నేను కూర్చుని చూస్తానంది. దిండు కుట్టేదాన్ని, దిండు ఎక్కడ గుచ్చుతుందో నాకు తెలియాలి కదా అని అతనికి ఏదో సాకు చెప్పింది. అతను నమ్మలేదు. అయినా వదిన మాటకి ఎదురుచెప్పే అలవాటు లేని మనిషి.

బయట పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నమే అయినా వరండాలో సాయంత్రంలా మసక కమ్మి ఉంది. గాలి గదిలో కొత్త స్పాంజి వాసన, జిగురు వాసన. చెమ్మకి గోడలు ఉబ్బి సున్నం రాలుతోంది. దిండ్లక్క చీర కొంగు నడుముకి బిగించుకుని ఆ చక్రాల్లేని బండెక్కింది. హెల్మెట్ చేతుల్లోకి తీసుకుంది. తన కుట్టే. వేలితో తడిమితే తెలుస్తుంది.

"కాసేపాగి వచ్చి చూడు" అని మరిదికి చెప్పింది. "కదలకుండా ఉంటే లేపు. హాయిగా నిద్రపోతున్నట్టు కనిపించినా సరే, లేపు."

లేపుతానన్నాడు. ఒట్టు కూడా వేశాడు. బయటికెళ్ళి ఫ్యాను వేసి, తలుపు మూసి పైకి వెళ్ళాడు.

హెల్మెట్ తలకెక్కించుకుని పట్టీ బిగించింది. ఆమె తల చిన్నది, ఆ సైజు ఆమెకి వదులు. ఇటు తిరిగితే హెల్మెట్ అటు ఉండాలి. మొదట అలాగే ఊగింది. అద్దం దించగానే ఫ్యాను చప్పుడు ఎక్కడో దూరానికి వెళ్ళిపోయింది. తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. నుదుటి మీద నొక్కట్లేదు. చెవులు మడతపడలేదు. మెడ మీద బరువు లేదు. పని తెలిసిన మనిషి కాబట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. మంచి హెల్మెట్ అనుకుంది. ఆయన ఉంటే ఏ వంకా పెట్టలేకపోయేవాడు అనుకుంది. ఆ మాట అనుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కొంతసేపటికి జిగురు వాసన తగ్గింది. దాని కింద నుంచి ఇంకో వాసన వచ్చింది. తలనూనె వాసన. కొత్త హెల్మెట్‌లో తలనూనె వాసన ఎందుకొస్తుంది? మరిది తలకి నూనె రాసుకోడు. ఆ నూనె ఎవరిదో దిండ్లక్కకి తెలుసు. ఏళ్ళ తరబడి దిండు గలీబులకి పట్టి, ఎంత ఉతికినా వదలని వాసన అది.

తల తిప్పి చూద్దామనుకుంది.

హెల్మెట్ తిరగలేదు. వదులుగా ఉన్న హెల్మెట్... బిగుసుకుంది. రెండు బుగ్గల మీదా దిండ్లు మెల్లిగా ఒత్తుకున్నాయి. నొప్పిగా కాదు. ఎవరో రెండు అరచేతుల్లో మొహం పట్టుకున్నట్టు.

చెయ్యెత్తబోయింది. లేవలేదు. ఒళ్ళోనే ఉండిపోయింది. కాలు కదపబోయింది. కదల్లేదు. అరవబోతే నాలుక నోట్లోనే పడి ఉంది. కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. ఎదురుగా ఫ్యాను తిరుగుతోంది. పక్కన తలుపు, తలుపుకి గాజు.

అప్పుడు వినిపించింది. తన ఊపిరి కాక... ఇంకొకటి. తను పీల్చినప్పుడు అది వదుల్తోంది. తను వదిలినప్పుడు అది పీలుస్తోంది. చెవి పక్కనే. హెల్మెట్ లోపలే.

నువ్వేనా... అని మనసులో అడిగింది. ఆ ఊపిరి ఆగలేదు.

నేను చూసినప్పుడు ఉన్నావా... అది చెప్పు చాలు. ఇంకేమీ అడగను.

గాజు దగ్గర ఏదో కదిలింది. మరిది. అన్న మాట ప్రకారం వచ్చాడు. దిండ్లక్క ప్రాణం లేచొచ్చింది. ఇదిగో చూడు, కదల్లేకపోతున్నాను, తలుపు తియ్యి, అని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పిలిచింది. మాట బయటికి రాలేదు. మరిది గాజుకి మొహం ఆనించి ఆమెని చూశాడు. తర్వాత ఆమె తలకి కాస్త పైకి చూశాడు. సరే అన్నట్టు తలూపాడు. చిన్నగా నవ్వాడు.

వెళ్ళిపోయాడు.

వరండాలో అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవడం కూడా కనిపించింది. అంత జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, వెళ్ళిపోయాడు.

దిండ్లక్కకి జవాబు దొరికింది. ఏడాదిగా దేవుణ్ణీ, డాక్టర్నీ, కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగిన దానికి జవాబు ఇది. ఇలాగే చూసి ఉంటాడు. నల్ల అద్దం వెనక కళ్ళు తెరుచుకుని, నా మొహం గాజు దగ్గర కనబడగానే వచ్చింది, లేపుతుంది అనుకుని ఉంటాడు. పొద్దుటి కోపం పోయిందనుకుని ఉంటాడు. నేను చూశాను. మురిసిపోయాను. వెళ్ళిపోయాను. పైగా ప్యాకింగు వాళ్ళ నోళ్ళు కూడా మూయించాను. ఆయన పిలిచే ఉంటాడు. నా పేరు పెట్టే పిలిచి ఉంటాడు.

కళ్ళ వెంట నీళ్ళు కారి దిండ్లలోకి ఇంకాయి. తన నోటి దురుసుకి, తన అలకకి, ఆ తడి తువ్వాలుకి, అన్నిటికీ క్షమించమని అడిగింది. గొంతు లేదు కాబట్టి లోపలే అడిగింది. ఎంతసేపు అడిగిందో తెలియదు. అద్దానికి ఆవిరి పట్టి గాజు తలుపు కనబడటం మానేసింది. బుగ్గల మీది ఒత్తిడి ఇంకాస్త పెరిగింది. గుండె మీద ఎవరో మెల్లిగా బరువు పెడుతున్నట్టు...

ఫ్యాను ఆగింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. బయటి వాన చప్పుడు వినిపించింది. బుగ్గల మీది చేతులు వదిలేశాయి. హెల్మెట్ మళ్ళీ వదులైపోయి పక్కకి జారింది. దిండ్లక్క చెయ్యి దానంతటదే పైకి లేచింది. పట్టీ విప్పుకుని, హెల్మెట్ తీసి బండి మీద పెట్టి, నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. భయంతో కాదు. వదిలేశాడు కదా అని. అంతా చూసి కూడా, అంత అన్యాయం చేసినా కూడా, చివరికి వదిలేశాడు కదా అని. పెళ్ళయిన నాటి నుంచీ అంతే, ఆ మనిషికి కోపం నిలబడేది కాదు. ఏడాది తర్వాత మొదటిసారి ఆమె గుండెలో బరువు కొంచెం దిగింది.

కళ్ళు తుడుచుకుని, చీకటి వరండాలో గోడ తడుముకుంటూ మెట్ల దాకా వచ్చింది. మెట్ల మీద మరిది టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"కరెంటు పోయింది వదినా. వానకి ఊరంతా పోయిందట. ఫ్యాను ఆగిపోయి నీ కునుకు చెడిందా?"

దిండ్లక్క అక్కడే ఆగిపోయింది. కరెంటు పోయింది. అందుకని ఫ్యాను ఆగింది. అంతే.

"ఎందుకు లేపలేదు?" అంది. "లేపమన్నాను కదా. ఒట్టు వేశావు కదా."

"లేపుదామనే వచ్చాను. ఆయన వద్దన్నాడు కదా మరి."

"ఎవరు?"

"నీ వెనక నిలబడ్డాయన. ఇంజనీరు అనుకున్నాను. నువ్వే తోడు పిలిచావనుకున్నాను. రెండు చేతులతో నీ హెల్మెట్ పట్టుకుని సరిచేస్తున్నాడు. నేను తలుపు మీద చెయ్యి వెయ్యబోతే, వద్దు, వెళ్ళు, అన్నట్టు చెయ్యూపాడు. లేపొద్దన్నాడు వదినా."

ఇంజనీరు భోజనానికి ఇంటికెళ్ళాడని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి మరిదికి మాట నోటి నుంచి వచ్చాకే గుర్తొచ్చినట్టుంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

దిండ్లక్క అతని పక్కన కూర్చుంది. చిన్నపిల్ల అడిగినట్టు, మెల్లిగా అడిగింది.

"కోపంగా ఉన్నాడా?"

"మొహం కనబడలేదు" అన్నాడు మరిది. "ఆయన కూడా హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. అద్దం లోపలంతా... ఆవిరి పట్టి ఉంది."

కరెంటు వచ్చింది. మెట్ల మీద దీపం వెలిగింది. కింద గాలి గదిలో ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఖాళీ గదిలో తిరిగితే ఆ ఫ్యాను ఈల వేస్తుంది. ఎదురుగా మనిషి కూర్చుంటే ఈల ఆగిపోయి, చప్పుడు మందగిస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ళలో అది తెలియని వాళ్ళు లేరు.

ఇద్దరూ చెవులొగ్గి విన్నారు. ఈల లేదు.

ఎవరో ఒకరు వెళ్ళి లేపాలి. మరిది లేవబోయాడు. దిండ్లక్క అతని చొక్కా పట్టుకుంది. గుప్పిట బిగించి పట్టుకుంది, వదల్లేదు. తను వెళ్దామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుండిపోయింది. పైనుంచి భోజనాలు ముగించుకుని జనం దిగి వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఆ మెట్ల మీదే ఉన్నారు. ఆయన్ని ఈసారీ ఎవరూ లేపలేదు.